జార్జియా పోలీసు సంస్కరణల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టుకు జార్జియా దేశాన్ని తీసుకున్నాను. 2003లో ప్రజా నిరసనలతో ప్రభుత్వం దిగిపోయిన గులాబీ విప్లవం (Rose Revolution) తర్వాత, లంచాలకు పేరుమోసిన ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని అక్కడ మొత్తానికే రద్దు చేశారు. కొత్తవాళ్లను తీసుకుని జీతాలు బాగా పెంచారు. స్టేషన్లకు అద్దాల గోడలు పెట్టారు, లోపల ఏం జరుగుతోందో దారిన పోయేవాళ్లకు కనబడాలని. ఇది చదివినప్పుడు చాలా ఆశ కలిగింది. కానీ జైళ్లలో ఖైదీలను హింసించిన వీడియోలు 2012లో బయటపడ్డాయి, అదే ఏడాది ప్రభుత్వం మారింది. ఆ తర్వాత నియామకాలు, శిక్షణ పద్ధతులు నిలిచాయా, పాలకులతో పాటే పోయాయా? దీని మీద ఏం చదవాలి? జార్జియా రాజధాని టిబిలిసిలో మెడిసిన్ చదువుతున్న మనవాళ్లుంటే, అక్కడి పోలీసులతో, ప్రభుత్వ సేవలు ఒకేచోట అందించే పబ్లిక్ సర్వీస్ హాల్‌లో మీకెదురైన అనుభవం చెప్పగలరా? మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయండి, ప్లీజ్.