నాగావళి తీరపు పాత ఫోటోల ఆల్బమ్: వరుస మార్చవచ్చునా?

ప్రశ్న: రేవుగట్టు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, ఉద్యోగరీత్యా నాగావళి వెంబడి తిరిగిన సంవత్సరాల్లో తీసిన ఫోటోల ఆల్బమ్ ఒకటి పోయిన నెలలో మా అమ్మగారి ట్రంకు పెట్టెలో, చీరల అడుగున దొరికింది. నల్లటి మందపు కాగితాల ఆల్బమ్ అది. పేజీకీ పేజీకీ మధ్య పలచని బటర్ పేపరు ఉంది. ఫోటోలు మొత్తం 68. దాదాపు అన్నీ అరచేతిలో ఇమిడిపోయే చదరపు ఫోటోలే. చాలావాటికి నాలుగు మూలలా కాగితపు కార్నర్లు పెట్టి నిలబెట్టారు. చివరి రెండు పేజీల్లోవి మాత్రం జిగురుతో అంటించినట్టు కనిపిస్తున్నాయి. తెల్ల సిరాతో వివరం రాసినవి 19 మాత్రమే.

మనుషులను నిలబెట్టి తీసినవి చాలా తక్కువ. రేవులో గెడ వేస్తున్న పడవవాడు, వేసవిలో ఇసుకలో చెలమ తీసి బుడ్డతో కుండలోకి నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు, చాకిరేవు బండలు, ఏటి ఒడ్డున పుచ్చతీగల మధ్య తాటాకు పందిరి, తుఫాను తరవాత కోసుకుపోయిన గట్టు, ఇలాంటివే ఎక్కువ. ఏరు ఎండినప్పుడూ నిండినప్పుడూ ఒకే చోట నిలబడి తీసిన జంట ఫోటోలు కూడా మూడు చోట్ల ఉన్నాయి. నేను పుట్టి పెరిగింది ఈ ఏటి ఒడ్డునే అయినా, ఇందులో సగం దృశ్యాలను నేను ఎన్నడూ చూడలేదు.

నాకు రెండు విషయాల్లో సలహా కావాలి. మొదటిది, మా తమ్ముడు ఈ ఫోటోలన్నీ తీసి, నది పారిన వరుసలో, అంటే ఒడిశాలోని రాయగడ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న కళ్ళేపల్లి వరకు, కొత్త ప్లాస్టిక్ ఆల్బమ్‌లో అమర్చుదామంటున్నాడు. ఇప్పుడున్న వరుసకు ఒక పద్ధతి కనిపించడం లేదు. మొదటి పేజీలోనే సముద్రంలో ఏరు కలిసే చోటు ఉంటుంది, తరవాత శ్రీకాకుళం కోటేశ్వరస్వామి గుడి రేవు, ఆ పిమ్మట ఒక్కసారిగా తోటపల్లి, మళ్ళీ కిందికి సంగాం. రెండవది, వివరం లేని, లేదా చాలీచాలని వివరం ఉన్న ఫోటోల్లో కొన్నింటిని గుర్తించడానికి సాయం కావాలి. 31వ ఫోటోలో నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ మగవాళ్ళు పొడుగాటి పుల్లల కట్టలను పట్టుకుని ఉన్నారు. చేపలకు మావులు (ఉచ్చులు) వేస్తున్నారని నేననుకుంటున్నాను. 40వ ఫోటోలో అరుగు మీద కూర్చుని, కెమెరా వైపు చూడకుండా పని చేసుకుంటున్న ముసలామె చేతిలో దువ్వెన వంటిదేదో ఉంది, ఒడిలో తెల్లటి దూది ఉంది. 52వ దానిలో చింతచెట్టు కింద పది పన్నెండు ఇళ్ళు, వెనక ఏరు, ఏటికి అవతల కొండ. దాని కింద “తోటపల్లికి పైన” అని మాత్రమే రాసి ఉంది.

ఆల్బమ్ వెనక జేబులో స్టూడియోవారి కవరు ఒకటి దొరికింది. దాని మీద ప్రింట్ల ధర అణాల్లో వేసి ఉంది. ఒక ఫోటో వెనక “పార్వతీపురం తాలూకా, శ్రీకాకుళం జిల్లా” అని ఉంది. వీటినిబట్టి కాలం చెప్పగలమా?

జవాబు: పాతకాగితం

అయ్యా, దయచేసి ఆ వరుసను కదపకండి. నేను చాలా ఏళ్ళు ఒక గ్రంథాలయంలో పాత కాగితాల సంరక్షణ చూసినవాణ్ని. కుటుంబాల దగ్గర నుంచి వచ్చిన ఆల్బమ్‌లలో మాకు ఎక్కువ బాధ కలిగించినవి చెదలు తిన్నవి కావు, ప్రేమతో సర్దినవి. చెదలు కొన్ని ఫోటోలనే తింటాయి, కొత్తగా సర్దితే అన్ని ఫోటోల మధ్యనున్న సంబంధమూ ఒకేసారి పోతుంది. పద్ధతి లేనట్టు మీకు కనిపిస్తున్న వరుస తాతగారి బదిలీల వరుస కావచ్చు, ఫిల్ము రీళ్ళ వరుస కావచ్చు. ఆ కాలపు పెట్టె కెమెరాల్లో 120 ఫిల్ము వేస్తే చదరపు ఫోటోలు రీలుకు 12 వచ్చేవి. నెగెటివ్‌నే కాగితం మీద నేరుగా ఉంచి ప్రింటు వేస్తే రెండుంపావు అంగుళాల ఫోటో వస్తుంది, మీరు అరచేతిలో ఇమిడిపోతుందన్నది అదే అయి ఉంటుంది. ఒకే రకం కాగితం, ఒకే రకం తెల్ల అంచు ఉన్న ఫోటోలు పన్నెండుకు మించకుండా గుంపులుగా వస్తున్నాయేమో చూడండి. వస్తే ఆ గుంపు ఒక రీలు, ఒక ప్రయాణం. పెట్టెలో ఎక్కడైనా నెగెటివ్‌లు ఉన్నాయేమో కూడా వెదకండి. వాటి అంచున అంకెలు ఉంటే అవి తీసిన క్రమాన్ని తేల్చి చెబుతాయి.

ముందుగా పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, ప్రతి పేజీని మొత్తంగా, రాతతో సహా, ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తరవాతనే కార్నర్లలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా జారుస్తూ బయటికి తీసి, వెనకవైపు కూడా స్కాన్ చేసి, తిరిగి అదే చోట పెట్టండి. ఇంత చిన్న ఫోటోలకు స్కానర్‌లో 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) పెట్టడం మేలు. అప్పుడు పడవలో కూర్చున్నవారి ముఖాలు పెద్దవి చేసి చూడవచ్చు. చివరి రెండు పేజీల్లో జిగురుతో అంటించినవాటిని లాగవద్దు, ఆవిరి పట్టవద్దు, పేజీతోనే స్కాన్ చేయండి. మా బంధువుల ఇంట్లో పెళ్ళి ఫోటో ఒకటి ఇలాగే అంటుకుని ఉంటే, స్కానింగు కోసం ఇచ్చిన చోట తడిగుడ్డతో ఊడదీశారు. బొమ్మ సగం పేజీ మీదనే ఉండిపోయింది. దానిలో ఉన్న మా మేనత్తగారికి అదొక్కటే ఫోటో.

ప్లాస్టిక్ ఆల్బమ్ వద్దు. చౌక రకం పీవీసీ జేబుల్లో వేడికీ తేమకూ ఫోటో ఉపరితలం ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది, మన కోస్తా వర్షాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. లామినేషన్ సంగతి తలపెట్టవద్దు. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయకూడదు; రాయవలసి వస్తే మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలికగా రాయాలి. ట్రంకు పెట్టెను నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, బయటి గోడకు తగలకుండా ఉంచితే చాలు.

కాలం గురించి: శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు పార్వతీపురం అందులోకి వెళ్ళింది. కనుక వెనక రాసిన ఆ మాట ఈ రెండు తేదీల మధ్యది. నయా పైసలు వచ్చినది 1957 ఏప్రిల్ 1న. ఆ పిమ్మట కొన్నాళ్ళు అణాల లెక్క జనం నోట నిలిచింది గాని, స్టూడియో కవరు మీద అణాలు వేశారంటే ఆ రీళ్ళు 1950ల దశకానివి అనుకోవడం సబబు. ఆల్బమ్ అంతా ఒకే కాలానిది కాకపోవచ్చునని మాత్రం గుర్తుంచుకోండి.

జవాబు: పొందూరు ఆడపడుచు

40వ ఫోటో గురించి నేను చెప్పగలను, ఎందుకంటే మా నాయనమ్మ చేతిలోనూ అదే ఉండేది. అది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళ వరుసతో ఉండే ఆ దవడ ఎముకతో, గింజ ఇంకా విడదీయని పత్తిని దువ్వుతారు. దుమ్ము, ఆకు ముక్కలు పోయి పత్తి పోగులన్నీ ఒకే దిక్కుకు వాలతాయి. ఆ తరవాతనే గింజ తీసి, ఏకి, వడుకుతారు. పొందూరు సన్నఖద్దరుకు ఉండే మెత్తదనం ఈ పనితో మొదలవుతుంది. ఆమె ఒడిలో ఉన్నది మీరన్నట్టు దూది కాదు, గింజతో ఉన్న పత్తి అయి ఉండాలి, పెద్దది చేసి చూస్తే గింజలు కనిపిస్తాయి. పొందూరు ఏటి ఒడ్డున లేదు కనుక, తాతగారు ఆ రోజు దారి మళ్ళి ఊళ్ళోకి వచ్చి ఉంటారు. ఆమె కెమెరా వైపు చూడకుండా పని చేసుకుంటూ ఉండడం నాకు ఎంతో నచ్చింది.

31వ ఫోటోలో ఉన్నది చేపల పని కాదు, గోగునార. గోగు మొక్కలను కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో ముంచి, పైన బరువు పెట్టి ఊరవేస్తారు. పది రోజులు దాటాక, నీళ్ళ వేడినిబట్టి ఇంకా ఆలస్యంగానైనా, బెరడు మెత్తబడినప్పుడు నీళ్ళలోనే నిలబడి కాడ నుంచి నార ఒలుస్తారు. ఆ కుళ్ళు వాసన మా చిన్నతనంలో వీధి చివరిదాకా వచ్చేది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూట్ మిల్లులకు వెళ్ళిన సరుకు ఇదే. కోత వానాకాలం చివరన జరుగుతుంది కనుక ఫోటో ఆ తరవాతి రోజులది. ఇంకొక మాట: పారే ఏట్లో కట్టలు కొట్టుకుపోతాయి, ఊరవేయడం నిలవ నీళ్ళలోనే. కాబట్టి అది నాగావళి కాకపోవచ్చు, పక్కనున్న గెడ్డ (వాగు) మడుగో, బందో (చిన్న చెరువో) అయి ఉంటుంది. వెనక గట్టు కనిపిస్తోందేమో చూడండి.

జవాబు: చీపురుపల్లి బడిపంతులు

పాతకాగితం గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, కాని తమ్ముడి ఆలోచనను పూర్తిగా తోసివేయవద్దని నా మనవి. అసలు ఆల్బమ్ అలాగే ఉండాలి. స్కాన్ చేసిన ప్రతులతో నది వరుసలో రెండవ పుస్తకం చేయవచ్చు. ఆ వరుసలో చూస్తే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయి. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, గుంప దగ్గర ఝంఝావతిని కలుపుకుని, తోటపల్లి దాటి, సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతులతో కలిసి, నారాయణపురం ఆనకట్ట మీదుగా శ్రీకాకుళం చేరి, కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 256 కిలోమీటర్లు. బలరాముడు నాగలితో గీసిన చాలులో నది పారిందనీ, అందుకే లాంగుల్య అన్న పేరు (లాంగలం అంటే నాగలి) వచ్చిందనీ, ఆయన ఒడ్డున అయిదు శివాలయాలు ప్రతిష్ఠించాడనీ మనవాళ్ళు చెప్పుకుంటారు. పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్ళేపల్లి, ఈ అయిదింటిలో మీ ఆల్బమ్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క చూడండి. గుంప గాని సంగాం గాని శివరాత్రినాడు తీసినదై ఉంటే జనాన్నిబట్టి వెంటనే తెలుస్తుంది.

గుర్తించే పనిలో కట్టడాలు మీకు గట్టి ఆధారం. తోటపల్లి పాత రెగ్యులేటరు (ఏటి నీటిని కాలువల్లోకి మళ్ళించే కట్టడం) 1908 నాటిది కనుక అది కనిపించినంత మాత్రాన కాలం తేలదు. నారాయణపురం ఆనకట్ట అలా కాదు. 1960 ప్రాంతంలో కట్టారు. తాతగారు నీటిపారుదల శాఖలో ఉన్నారు కాబట్టి, పని నడుస్తుండగా తీసిన ఫోటో ఒక్కటి ఉన్నా ఆ పేజీ కాలం స్థిరపడుతుంది. ఆనకట్టలు లేని చోట్ల ఓపెన్ హెడ్ కాలువల (ఏటి నుంచి నేరుగా తీసిన కాలువల) మొగల దగ్గర రైతులు ఏటా ఇసుకతోనూ రెల్లుతోనూ అడ్డుకట్టలు వేసి నీళ్ళు మళ్ళించుకునేవారు. అలాంటి ఫోటో ఉంటే దానిని విడిగా చూపండి, ఆ పని చేసిన చేతులు ఇప్పుడు చాలా తక్కువగా మిగిలి ఉన్నాయి.

ఒక సలహా. వివరం లేని ఫోటోలను కాగితం సైజులో పెద్దవిగా ప్రింటు వేయించి, ఆయా ఊళ్ళకు పట్టుకెళ్ళి, రచ్చబండ దగ్గర పెద్దలకు చూపండి. ఫోన్‌లో చూపితే వాళ్ళకు ఆనదు. “ఇది ఏ ఊరు?” అని అడగవద్దు. “ఇందులో ఏముంది తాతా?” అని అడగండి, వాళ్ళే చెబుతారు.

జవాబు: నిర్వాసితుల కాలనీ నుంచి

52వ ఫోటో గురించి రాస్తున్నాను. తోటపల్లి బ్యారేజీ కోసం ముంపులో పోయిన ఊళ్ళలో మాది ఒకటి. బ్యారేజీని 2015లో ప్రారంభించారు. మాకు కాలనీలో స్థలాలు ఇచ్చారు, ఇళ్ళు కట్టుకున్నాము. పాత ఊరిది మాత్రం మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు, ఎందుకంటే కెమెరా ఉన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. మా ఊరి మొదట్లోనూ చింతచెట్టు ఉండేది, ఏటికి అవతల కొండ ఉండేది. ఆ వైపు అలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి కనుక అది మాదేనని నేను అనడం లేదు. చెట్టుకు ఎడమవైపున రాతి వరల నుయ్యి ఉందా, దాని పక్కన గుండ్రటి అరుగు ఉందా, ఈ రెండు మాత్రం చూసి చెప్పగలరా? మా నాన్నగారికి 81 సంవత్సరాలు. మీ ప్రశ్న చదివి వినిపించాను, అప్పటి నుంచి అదే అడుగుతున్నారు.

రేవుగట్టు (ప్రశ్న వేసినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఆల్బమ్ వరుస కదపడం లేదు, తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. ప్రతులతో చేసే నది వరుస పుస్తకం బాధ్యత అతనే తీసుకున్నాడు. పాతకాగితం గారు చెప్పినట్టు తెల్ల అంచులను పోల్చి చూశాను: మొదటి రెండు పేజీల్లోని 11 ఫోటోలకు ఒకే రకం వంకీల అంచు ఉంది, మూడవ పేజీ నుంచి అది మారింది. ఈ సంగతి చెబితే అమ్మగారు, తాతగారి మొదటి ఉద్యోగం శ్రీకాకుళంలోనేననీ, తాను పుట్టిన తరవాతనే తోటపల్లి వైపు బదిలీ అయిందనీ అన్నారు. సముద్రపు మొగ ముందు ఎందుకు ఉందో దానితో తెలిసింది. పొందూరు అక్కగారూ, గింజలు కనిపించాయి. 31వ దానిలో వెనక గట్టు, గట్టు మీద తాటిచెట్లు ఉన్నాయి, అది బందే.

కాలనీ నుంచి రాసినవారికి: 52వ ఫోటోను నిన్న రాత్రి స్కాన్ చేసి పెద్దది చేశాను. చెట్టుకు ఎడమవైపున నుయ్యి ఉంది. వరలు రాతివో కాదో నాకు తేలలేదు. అరుగు ఉండవలసిన చోట ఒక ఎడ్లబండి అడ్డంగా నిలిపి ఉంది, దాని చక్రాల మధ్య నుంచి గుండ్రటి అంచు వంటిది కొంచెం కనిపిస్తోంది. నూతి దగ్గర కావడి దించుకుంటున్న మనిషి ఒకరు, చెట్టు మొదట్లో ముగ్గురు పిల్లలు ఉన్నారు, పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. పెద్ద ప్రింటు వేయించి ఈ ఆదివారం ఉదయం నేనే తీసుకువస్తాను. మీ కాలనీకి ఏ దారిన రావాలో విడిగా సందేశం పంపండి.