ఫైటర్ జెట్‌కి పొట్టి మిస్సైళ్లు ఎక్కువ ఉంటే మేలా, పొడుగువి తక్కువ ఉన్నా చాలా?

గగనవీధి:
అమెరికా ఫైటర్ ఎఫ్-35 తన పొట్టలో నాలుగే అమ్రామ్ మిస్సైళ్లు (దూరం నుంచి రాడార్‌తో విమానాల్ని వేటాడేవి) పెట్టుకోగలుగుతోంది. రెక్కల కింద ఇంకా తగిలించవచ్చు గానీ, తగిలించగానే రాడార్‌కి కనబడిపోతుంది. స్టెల్త్ కోసం, అంటే రాడార్‌కి దొరక్కుండా ఉండటం కోసం పడ్డ కష్టమంతా వృథా. ఒక్కో లక్ష్యం మీదికి రెండేసి వదిలితే రెండు విమానాలకే అన్నీ అయిపోతాయి, పైలట్ వెనక్కి తిరగాల్సిందే. అందుకే సగం పొడవుండే మిస్సైల్ కావాలంటున్నాను. లాక్‌హీడ్ మార్టిన్ 2012లోనే అలాంటి నమూనా చూపించింది. ఇంకో మిస్సైల్ కంపెనీ రేథియాన్ 2019లో పెరిగ్రిన్ అనే పొట్టి మిస్సైల్‌ని ప్రకటించింది: దాదాపు 1.8 మీటర్లు, 68 కిలోలు. అమ్రామ్ 3.65 మీటర్లు, 150 కిలోల పైమాటే. ఒకటి పట్టే చోట రెండు పడతాయి. ఇందులో అభ్యంతరం ఏముంది?

ధనుంజయ:
ఉంది. మిస్సైల్ మోటార్ మండేది కొన్ని సెకన్లే. ఆ తర్వాత ప్రయాణమంతా అప్పటికి అందుకున్న వేగంతోనే. లావు అలాగే ఉంచి పొడవు సగం చేస్తే బరువు సగానికి పడిపోతుంది, ఎదురుగాలి మాత్రం పెద్దగా తగ్గదు. ఒకే సైజు బెండు బంతినీ ఇనప గుండునీ ఒకే వేగంతో విసిరితే ఏది ముందు ఆగుతుంది? దూరం నుంచి వదిలిన పొట్టి మిస్సైల్ చివరికొచ్చేసరికి నీరసపడి ఉంటుంది. శత్రు పైలట్ ఒక్కసారి గట్టిగా మలుపు తిప్పితే వెంట తిరగలేదు.

పోనీ, లావు కూడా తగ్గిద్దామా? ముక్కులోని రాడార్ యాంటెన్నా చిన్నదవుతుంది. పవర్ మారకుండా యాంటెన్నా వ్యాసం సగమైతే, లక్ష్యాన్ని పట్టే దూరం కూడా సగమవుతుంది. ఎదుటిది స్టెల్త్ విమానమైతే ఆ సగం కూడా దక్కదు. యూరప్ వాళ్ల మీటియార్ మిస్సైల్ 190 కిలోలు, పైగా రామ్‌జెట్, అంటే గాలి పీల్చుకుంటూ ఎక్కువసేపు మండే ఇంజిన్. అమెరికా నేవీ 2024లో బయటపెట్టిన ఏఐఎం-174బి అయితే యుద్ధనౌకల మీది ఎస్ఎం-6 మిస్సైల్‌నే తెచ్చి సూపర్ హార్నెట్ ఫైటర్ రెక్క కింద కట్టింది. రేంజ్ కోసమే కదా ఇంత తిప్పలు?

నీలిమేఘం:
నా సందేహం వేరు. అంత చిన్నదాంట్లో వార్‌హెడ్‌కి, అంటే పేలే భాగానికి చోటెక్కడ?

గగనవీధి:
లాక్‌హీడ్ నమూనాలో వార్‌హెడ్ లేకుండా నేరుగా గుద్దడమే ఆలోచన అండీ. 50 కిలోల వస్తువు సెకనుకి కిలోమీటర్ వేగంతో తగిలితే 25 మెగాజౌళ్లు, అంటే దాదాపు 6 కిలోల టీఎన్‌టీ. విమానం తట్టుకోలేదు. నేల మీద నుంచి మిస్సైళ్లని అడ్డుకునే పేట్రియట్ పీఏసీ-3 పనిచేసే పద్ధతి కూడా ఇదే.

నీలిమేఘం:
గుద్దితే సరే. మీటరు పక్కనుంచి పోతే? వార్‌హెడ్ ఉన్నది దగ్గర్లో పేలినా పని అవుతుంది, ఇది ఉత్తచేతులతో పోతుంది. 2017 జూన్‌లో సిరియా ఆకాశంలో సిరియా విమానం ఎస్‌యూ-22 మీదికి అమెరికా ఫైటర్ వదిలిన మొదటి సైడ్‌వైండరే (దగ్గరి దూరం మిస్సైల్) తప్పిపోయింది. తర్వాత అమ్రామ్‌తో కూల్చారు.

గగనవీధి:
నేను చెప్పేది కూడా అదే కదా! మొదటిది తప్పినా చేతిలో ఇంకొకటి ఉంది కాబట్టే కూలింది.

శరవేగం:
మీరంతా ఫైటర్ మీదికి ఫైటర్ వెళ్లే యుద్ధం గురించే మాట్లాడుతున్నారు. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ వందల కొద్దీ డ్రోన్లు, మిస్సైళ్లు ఇజ్రాయెల్ మీదికి వదిలిన రాత్రి గుర్తుందా? అమెరికా ఎఫ్-15ఈ ఫైటర్ ఒకటి మిస్సైళ్లన్నీ అయిపోయాక, చీకట్లో ఫిరంగితో డ్రోన్‌ని కొట్టబోయి గురి తప్పింది. ఆ పైలట్ల టెన్షన్ ఊహించండి. డ్రోన్ మలుపులు తిప్పదు, వేగంగా పోదు. దాని మీద అంత ఖరీదైన అమ్రామ్ వాడటం నాకు బాధగా ఉంటుంది. తర్వాత 70 మిల్లీమీటర్ల రాకెట్లకి లేజర్ గైడెన్స్ తగిలించి ఎఫ్-16లకి ఇచ్చారు, ఒక్క గొట్టాల కట్టలో ఏడు పడతాయి. పొట్టి మిస్సైల్‌కి అసలు చోటు అక్కడుంది. డ్రోన్లు, క్రూయిజ్ మిస్సైళ్లు, మన విమానం మీదికే వస్తున్న మిస్సైల్‌ని అడ్డుకోవడం, వీటన్నిటికీ దగ్గరి దూరం చాలు.

ధనుంజయ:
డ్రోన్ల విషయం ఒప్పుకుంటాను శరవేగం గారూ. కానీ సైజు సగమైతే ధర సగమవ్వదు. ఖర్చంతా లక్ష్యాన్ని వెతికి పట్టే సీకర్‌లో, ఎలక్ట్రానిక్స్‌లో ఉంటుంది. మోటార్ గొట్టాన్ని కత్తిరించి మిగిల్చేది తక్కువే.

గగనవీధి:
ఆ మాట నిజమే. అయితే నేను అడిగింది చోటు గురించి, ధర గురించి కాదు. పొట్టలో పెద్దవి రెండు, మిగతా చోట చిన్నవి నాలుగు పెట్టి పంపితే మీ అభ్యంతరం ఇంకా ఉంటుందా?

ధనుంజయ:
ఆ రెండు పెద్దవీ తీసేయనంత వరకు ఉండదు.