వాకింగ్‌లో అమ్మకి డెలివరీ రోబో తగిలింది, టెక్సస్‌లో ఎవర్ని పట్టుకోవాలి?

గుంటూరోడు_డాలస్:
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉంటాం, అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది, సాయంత్రం పూట సైడ్‌వాక్ మీద వాకింగ్‌కి వెళ్తుంది. మొన్న మలుపు దగ్గర ఫుడ్ డెలివరీ రోబో ఎదురొచ్చిందంట, ఈవిడ ఎడమకి జరిగితే అదీ అటే జరిగింది, ఆగింది, సరే ఆగింది కదా అని అడుగేస్తే మళ్ళీ కదిలి చీలమండకి కొట్టింది, అమ్మ పక్కన గడ్డిలో కూలబడింది. ఎముకకి ఏం కాలేదు, అర్జెంట్ కేర్‌లో, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే క్లినిక్‌లో, ఎక్స్‌రే తీశారు, వాపు మాత్రం బాగా ఉంది. అది తీరిగ్గా ఎక్స్‌క్యూజ్ మీ అని చెప్పి వెళ్ళిపోయింది, అమ్మ దానికి అచ్చ తెలుగులో గట్టిగానే ఇచ్చిందిలెండి. నా ఫోన్లో ఉన్న యాప్ నుంచి సపోర్ట్‌కి రాస్తే సారీ చెప్పి 20 డాలర్ల ప్రోమో కోడ్ పంపారు. నాకు కోడ్ ఎందుకండీ, బిల్లు వాళ్ళు కట్టాలి. అసలు వీటికి సైడ్‌వాక్ మీద తిరగడానికి పర్మిషన్ ఇచ్చింది ఎవరు, సిటీనా స్టేటా? నంబర్ ప్లేటే లేనిదాని మీద ఎవరి పేరున కంప్లైంట్ రాస్తావ్ అని మా ఆవిడ అడుగుతోంది, నా దగ్గర సమాధానం లేదు.

ఇర్వింగ్_అన్న:
అమ్మగారికి ఎలా ఉంది తమ్ముడూ ఇప్పుడు? ముందు ఇది చెప్పు, రోబో ఫోటో ఎవరైనా తీశారా? దాని ఒంటి మీద ఎక్కడో కంపెనీ పేరు, ఫోన్ నంబరో ఈమెయిలో, ఒక ఐడీ నంబరు ఉండాలి. ఉంటే మంచిది అని కాదు, టెక్సస్ చట్టం ప్రకారం ఉండి తీరాలి. మీ ఆవిడ అడిగిన నంబర్ ప్లేట్ అదే అనుకో.

గుంటూరోడు_డాలస్:
అమ్మ తియ్యలేదన్నా, కానీ ఎదురింటి వాళ్ళ డోర్‌బెల్ కెమెరాలో కొంచెం దూరంగా పడింది. రోబో నంబర్ కనపడట్లేదు, దాని మీద ఉండే చిన్న జెండా, దాని రంగు కనపడుతున్నాయి. వాపు తగ్గుతోంది, థాంక్స్ అన్నా.

ప్లేనో_పాతకాపు:
ఆ వీడియో ఇవాళే అడిగి నీ ఫోన్లోకి తెచ్చుకో బాబూ, డోర్‌బెల్ వీడియోలు వాళ్ళ ప్లాన్‌ని బట్టి కొన్నాళ్ళకి వాటంతటవే పోతాయి. ఐడీ నంబరు లేకపోయినా పర్వాలేదు, టైమూ చోటూ కరెక్ట్‌గా చెప్తే ఆ నిమిషంలో అక్కడ ఏ రోబో ఉందో వాళ్ళకి జీపీఎస్‌లో తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. టెక్సస్‌లో 2019లో సెనేట్ బిల్ 969 పాస్ చేశారు, ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 552ఏ అని ఒక చాప్టర్ పెట్టారు. చిన్నదే, టీ తాగేలోపు చదివెయ్యొచ్చు. కాబట్టి పర్మిషన్ ఇచ్చింది స్టేటే, ఆ చట్టానికి అడ్డం రానంత వరకు సిటీ కూడా రూల్స్ పెట్టుకోవచ్చు. సైడ్‌వాక్, క్రాస్‌వాక్ లాంటి మనుషులు నడిచే చోట స్పీడ్ గంటకి 10 మైళ్ళు దాటకూడదు, రోడ్డు అంచున అయితే 20. పాదచారులతో సహా అందరికీ అదే దారి ఇవ్వాలి, బ్రేకులు ఉండాలి, రాత్రి పూట లైట్లు ఉండాలి, ప్రమాదకరమైన సరుకు మొయ్యకూడదు. నీకు పనికొచ్చేది ఏంటంటే నడిపే కంపెనీకి కనీసం లక్ష డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే వేరేవాళ్ళకి నష్టం చేస్తే కట్టే ఇన్సూరెన్స్, ఉండాలని రాసుంది. అంటే నువ్వు మాట్లాడాల్సింది యాప్ సపోర్ట్‌లో చాట్ చేసే పిల్లాడితో కాదు, ఆ ఇన్సూరెన్స్ వాళ్ళతో.

మల్లన్న_ఫ్రిస్కో:
ఇంత లొల్లి ఎందుకు బ్రో, ఆ టైంకి ఆర్డర్ పెట్టినోడు ఎవడో ఉంటడు కదా, లేకుంటే ఆ రెస్టారెంటోడు, వాళ్ళని పట్టుకుంటే అయిపాయె. వాళ్ళ బిర్యానీ కోసమే కదా అది ఉరికింది.

ప్లేనో_పాతకాపు:
మల్లన్నా, అలా కుదరదు. ఆర్డర్ పెట్టినంత మాత్రాన గానీ, రోబోని పంపించమని చెప్పినంత మాత్రాన గానీ ఆ మనిషి ఆపరేటర్ అవ్వడు అని అదే చాప్టర్‌లో విడిగా రాశారు. ట్రాఫిక్ రూల్స్ లెక్కలో రోబోని నడిపే వ్యాపార సంస్థే ఆపరేటర్. రిమోట్‌లో కూర్చున్న ఉద్యోగి తన డ్యూటీకి సంబంధం లేని పని ఏదైనా చేస్తే అప్పుడు మాత్రం వాడి మెడకి చుట్టుకుంటుంది.

మల్లన్న_ఫ్రిస్కో:
ఓహో, గట్లనా. అయితే బిర్యానీ తిన్నోడు సేఫ్ అన్నట్టు.

చార్మినార్_టిఫిన్స్:
మల్లన్న మాటకి నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే మా రెస్టారెంట్‌కి ఒక రోబో కంపెనీ వాళ్ళు వచ్చి కాగితాలు ఇచ్చి వెళ్ళారు, సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా. మరి మాకేం రిస్క్ లేనట్టేనా?

ప్లేనో_పాతకాపు:
ట్రాఫిక్ రూల్స్ వరకే ఆ రక్షణ అండీ. మీరు పెట్టే సంతకం వేరే సంగతి. కాగితాల్లో ఇండెమ్నిటీ అనే పేరా ఉంటుంది, రోబో వల్ల వచ్చే క్లెయిములు మీ నెత్తిన వెయ్యలేదు కదా అని అది చూడండి, వాళ్ళ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాపీ అడగండి, అందులో అడిషనల్ ఇన్ష్యూర్డ్ కింద, అంటే ఆ ఇన్సూరెన్స్ మీకూ వర్తించేలా, మీ రెస్టారెంట్ పేరు పెట్టమనండి. ఇవి అడిగితే నసిగే కంపెనీ అయితే నేనైతే సంతకం పెట్టను. సాంబార్ ఒలికితే ఎవరు రీఫండ్ ఇస్తారో కూడా రాయించుకోండి, రోజూ వచ్చే తలనొప్పి అదే.

సియాటిల్_అక్క:
మా వాషింగ్టన్‌లో రూల్ ఇంకొంచెం గట్టిగా ఉంది. ఇక్కడ కూడా 2019లోనే చట్టం వచ్చింది, స్పీడ్ 6 మైళ్ళే, సరుకు కాకుండా బరువు 120 పౌండ్లు దాటకూడదు, మద్యం మొయ్యకూడదు, ఇన్సూరెన్స్ ఇక్కడా లక్ష డాలర్లే. పైగా కంపెనీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ లైసెన్సింగ్‌కి మేం రూల్స్ పాటిస్తున్నాం అని రాసివ్వాలి. అమెజాన్ వాళ్ళ స్కౌట్ అని నీలం రంగు డబ్బా ఒకటి స్నోహోమిష్ కౌంటీలో 2019 జనవరి నుంచి తిరిగేది, 2022 అక్టోబర్‌లో ఆ టెస్టింగ్ ఆపేశారు. అదే నెలలో ఫెడెక్స్ కూడా తన రోబోని ఆపేసింది.

ఫెయిర్‌ఫాక్స్_వాసి:
ఈ చట్టాలన్నిటికీ మొదలు మా వర్జీనియానే. 2017లో దేశంలో అందరికంటే ముందు పాస్ చేసింది, అప్పట్లో బరువు 50 పౌండ్లు, స్పీడ్ 10 మైళ్ళు. తర్వాత అదే ఏడాది ఐడహో, విస్కాన్సిన్, ఫ్లోరిడా, ఒహాయో వరసపెట్టి చేశాయి. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో 2019 జనవరి నుంచి స్టార్‌షిప్ అనే కంపెనీ డెలివరీ రోబోలు తిరుగుతున్నాయి, చలికాలం మంచులో ఇరుక్కుంటే మన పిల్లలే తోసి పంపిస్తారు. మీ పక్కన యూటీ డాలస్ యూనివర్సిటీలో కూడా ఆ ఏడాది చివర్లోనే వచ్చాయి, అక్కడ చదివిన మన వాళ్ళు బోలెడుమంది, వాటికి బాయ్ చెప్పి క్లాస్‌కి వెళ్ళేవాళ్ళు. క్యాంపస్‌లో ముద్దుగానే ఉంటాయి, అలవాటు లేని పెద్దవాళ్ళు నడిచే చోటే ఇబ్బంది.

బేఏరియా_బాబాయ్:
మా శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్దూ లేదు మురిపెం లేదు. 2017 డిసెంబర్‌లో సూపర్‌వైజర్ల బోర్డు, అంటే మా సిటీ కౌన్సిల్ లాంటిది, ఊరు మొత్తానికి తొమ్మిదే రోబోలు, కంపెనీకి మూడు, స్పీడ్ 3 మైళ్ళు, పక్కనే 30 అడుగుల్లో మనిషి ఉండాలి అని తేల్చింది. మొదట నార్మన్ యీ అనే సూపర్‌వైజర్ పూర్తిగా బ్యాన్ చేద్దామనే అన్నాడు. న్యూయార్క్ సిటీ అయితే 2019లో ఫెడెక్స్ రోబో కనపడగానే తియ్యమని లెటర్ పంపింది. నా మటుకు ఇదే కరెక్ట్, నడవడానికి వేసిన దారిలో బిజినెస్ ఏంటి? టెక్సస్‌లో గంటకి 10 మైళ్ళు అంటున్నారు, మనిషి నడిచేది 3 మైళ్ళు.

రోబోటిక్స్_పనోడు:
బాబాయ్, చట్టంలో పది ఉన్నా చిన్నవి చాలామటుకు 4 మైళ్ళ దగ్గరే నడుస్తాయి. నేను ఈ ఫీల్డ్‌లోనే పని చేస్తా కాబట్టి అమ్మగారికి జరిగింది ఎలా జరిగుంటుందో ఊహించగలను. ఎదుటి మనిషి ఎటు జరుగుతారో అని అది ఒక అంచనా వేసుకుని పక్కదారి తీసుకుంటుంది, మనిషి కూడా అటే వస్తే ఆగుతుంది, కొద్దిసేపు ఎవరూ కదలకపోతే దారి క్లియర్ అనుకుని మళ్ళీ మొదలెడుతుంది, లేదా దూరంగా ఆఫీసులో నాలుగైదు స్క్రీన్లు చూసుకుంటున్న మనిషి సరే పో అని నొక్కుతాడు. ఈ రెండిట్లో ఏది జరిగిందో లాగ్‌లో, అంటే రోబో దాచుకునే రికార్డులో, సెకన్‌తో సహా ఉంటుంది, కెమెరా వీడియో కూడా. అయితే డిస్క్ నిండుతుంది కాబట్టి ఏ కంపెనీ అయినా మామూలు ట్రిప్పుల వీడియో ఎక్కువ కాలం ఉంచదు. అందుకని ఫలానా తేదీ ఫలానా టైం వీడియో, సెన్సర్ డేటా, రిమోట్ ఆపరేటర్ లాగ్ ఏవీ చెరిపెయ్యకండి అని ఈమెయిల్‌లోనూ, పంపినట్టు రసీదు ఉండే సర్టిఫైడ్ మెయిల్ పోస్టులోనూ రాసి పంపండి. వాళ్ళు నీకు ఇస్తారా లేదా తర్వాత సంగతి, అడిగాక చెరిపితే అది వాళ్ళకే చుట్టుకుంటుంది.

ఇంకో మాట, ఈ బరువులు ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా ఎందుకున్నాయంటే బిల్లు రాసేటప్పుడు ఏ కంపెనీ గుమ్మం దగ్గర నిలబడిందో దాన్ని బట్టి. 2017లో చిన్న రోబోలు చేసే స్టార్‌షిప్ వాళ్ళు తిరిగారు, అందుకే తక్కువ బరువులు, పెద్ద రోబోలు చేసే పోటీ కంపెనీలు వాటిలో పట్టనే లేదు. పెద్ద కొరియర్ కంపెనీలు దిగాక లెక్కలు మారిపోయాయి. 2019 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్‌లో వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక పీహెచ్‌డీ స్టూడెంట్ రోడ్డు దాటుతుంటే రోబో సరిగ్గా ర్యాంప్ మీద ఆగిపోయి సైడ్‌వాక్ ఎక్కనివ్వలేదు, ట్రాఫిక్ ముందు ఇరుక్కుపోయింది పాపం, యూనివర్సిటీ వాటిని కొన్నాళ్ళు ఆపింది. ఏడాది కాస్త దాటగానే, 2020 నవంబర్‌లో, పిట్స్‌బర్గ్ ఉన్న అదే పెన్సిల్వేనియా 550 పౌండ్ల వరకు ఓకే, సైడ్‌వాక్ మీద 12 మైళ్ళు, రోడ్డు మీద 25 అని చట్టం చేసింది. అది గుద్దితే గడ్డిలో కూలబడటంతో పోదు.

మల్లన్న_ఫ్రిస్కో:
మరి హ్యూస్టన్‌ల పిజ్జా తెచ్చిన ఆ డ్రైవర్ లేని చిన్న కారు, దానికి గూడ ఇదే రూలా?

రోబోటిక్స్_పనోడు:
కాదు బ్రో, న్యూరో వాళ్ళది రోడ్డు మీద తిరిగే బండి, దాని కథ వేరు. బండి ఎలా తయారవ్వాలి అనేది ఫెడరల్ వాళ్ళు, అంటే దేశం మొత్తానికి బండ్ల భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే సంస్థ చూస్తుంది. లోపల మనిషే ఉండడు కాబట్టి అద్దాలు, విండ్‌షీల్డ్ లేకుండా నడపడానికి 2020 ఫిబ్రవరిలో వాళ్ళ దగ్గర మినహాయింపు తెచ్చుకున్నారు. సైడ్‌వాక్ డబ్బాలకి ఆ గొడవ లేదు, మొత్తం స్టేట్, సిటీ చేతిలోనే.

ఇర్వింగ్_అన్న:
టాపిక్ అమెరికా మొత్తం తిరిగొచ్చింది, తమ్ముడి బిల్లు అక్కడే ఉంది. తమ్ముడూ, క్లెయిమ్ నీ పేరు మీద కాదు, అమ్మగారి పేరు మీద వెయ్యాలి, దెబ్బ తగిలింది ఆవిడకి కాబట్టి. ఆవిడ తిరుగు ప్రయాణం ఎప్పుడో చూసుకో. ఇండియా వెళ్ళిపోయాక ఇక్కడ సంతకాలు, వాంగ్మూలాలు అంటే నరకం, వెళ్ళేలోపు జరిగింది జరిగినట్టు ఆవిడ మాటల్లో రాయించి, తేదీ వేసి సంతకం పెట్టించు, ఇంగ్లిష్‌లోకి మార్చి రెండూ కలిపి ఉంచు. పోలీసులకి 911 వద్దు, నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి ఇన్సిడెంట్ రిపోర్ట్ అడుగు. ఆలస్యంగా వచ్చావేంటి అంటారు, పర్లేదు, రిపోర్ట్ నంబర్ ఒకటి చేతికి వస్తే ఇన్సూరెన్స్ వాడు సీరియస్‌గా తీసుకుంటాడు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంటే దానికీ చెప్పు, కాకపోతే అర్జెంట్ కేర్ బిల్లు డిడక్టబుల్, అంటే ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం, లోపే ఉంటుంది చాలాసార్లు, వాళ్ళు పైసా ఇవ్వరు.

గుంటూరోడు_డాలస్:
అన్నా, డిడక్టబుల్ 250, బిల్లు దానికంటే కొంచెం తక్కువే, కరెక్ట్‌గా చెప్పారు. ఆ ప్రోమో కోడ్ వాడేస్తే రాజీ పడినట్టు అవుతుందా? ఇంకోటి, వాళ్ళు యాప్ షరతుల్లో కోర్టుకి వెళ్ళకూడదు ఆర్బిట్రేషనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పే అని ఉందంటున్నారు.

ప్లేనో_పాతకాపు:
కోడ్ ముట్టుకోకు, దాని కింద చిన్నక్షరాల్లో ఏం రాసుందో ఎవడు చూశాడు. దీంతో విషయం ముగిసింది అనే రిలీజ్ పేపర్ పంపితే బిల్లు మొత్తం చేతికొచ్చేదాకా సంతకం పెట్టొద్దు. యాప్ షరతులకి ఓకే కొట్టింది నువ్వు, అమ్మగారు కాదు. ఆవిడ ఏ ఆర్డరూ పెట్టలేదు, దారిన పోయే మనిషి, ఆ షరతులు ఆవిడకి అంటవని గట్టిగా రాయి. అందుకే ఇక మీదట నీ యాప్ అకౌంట్ నుంచి ఒక్క ముక్క కూడా పంపొద్దు, విడిగా ఈమెయిల్ నుంచి అమ్మ తరఫున అని రాయి.

మాట వినకపోతే చిన్న మొత్తాల కేసులు చూసే జస్టిస్ కోర్టు ఉంది, టెక్సస్‌లో 20,000 డాలర్ల వరకు అక్కడే వేసుకోవచ్చు, లాయర్ లేకుండా కూడా నడుస్తుంది. గాయాల కేసులకి గడువు రెండేళ్ళు. ఒకటి గుర్తుపెట్టుకో, ఇక్కడ తప్పులో సగానికి మించి మన వాటా అని తేలితే రూపాయి రాదు, అమ్మగారు ఫోన్ చూస్తూ నడుస్తున్నారు అని వాళ్ళు తప్పకుండా అంటారు. డోర్‌బెల్ వీడియోలో ఆవిడ చేతులు కనపడుతున్నాయా?

గుంటూరోడు_డాలస్:
కనపడుతున్నాయి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తోంది, మా నాన్న అలవాటే ఈవిడకీ వచ్చింది. ఫోన్ ఇంట్లోనే ఉంది, ఆ టైంలో నేను చేసిన మిస్డ్ కాల్ కూడా ఉంది అందులో.

ప్లేనో_పాతకాపు:
ఇంకేం, ఆ మిస్డ్ కాల్ స్క్రీన్‌షాట్ కూడా జత చెయ్యి.

గుంటూరోడు_డాలస్:
అప్‌డేట్: మీరు చెప్పినట్టే 552ఏ చాప్టర్ పేరు, లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ మాట, వీడియో చెరపొద్దన్న మాట మూడూ పెట్టి అమ్మ సంతకంతో మెయిల్ పంపాం. ప్రోమో కోడ్ పంపిన వాళ్ళే ఇప్పుడు క్లెయిమ్స్ డిపార్ట్‌మెంట్‌కి పంపిస్తున్నాం అని క్లెయిమ్ నంబర్ ఇచ్చారు, ఐటమైజ్డ్ బిల్లు, ఎక్స్‌రే రిపోర్ట్ అడిగారు. పోలీస్ రిపోర్ట్ నంబర్ కూడా వచ్చింది.

ఇర్వింగ్_అన్న:
బిల్లుతో పాటు మందుల రసీదులు, అర్జెంట్ కేర్‌కి వెళ్ళొచ్చిన మైళ్ళు, నువ్వు ఆఫీసుకి లీవ్ పెట్టుంటే అదీ రాసి పంపు. ఫోన్ చేసి మాట్లాడదాం అంటే వద్దను, అన్నీ ఈమెయిల్‌లోనే.