నాన్నగారి చికిత్సకు ఏ ప్రభుత్వ పథకం వర్తిస్తుంది?

ప్రశ్న (కూకట్‌పల్లి):
మా నాన్నగారికి 72 ఏళ్లు. మధుమేహం ఉంది, ఇప్పుడు గుండెకు స్టెంటు వేయాలంటున్నారు. వయసు చూసి ఒక ప్రైవేటు బీమా సంస్థ పాలసీ ఇవ్వనంది. మాకు రేషన్ కార్డు లేదు. నా జీతం 19,000 రూపాయలు, అందులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మీ జీతంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం ఈఎస్‌ఐకి జమ అవుతున్నాయి కాబట్టి ముందు ఆ హక్కునే వాడుకోండి. మీపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది. అయితే కుటుంబ వివరాల్లో నాన్నగారి పేరు ఎక్కించారో లేదో చూసుకోండి. చాలామంది ఉద్యోగంలో చేరిన రోజు భార్య పేరు రాసి ఊరుకుంటారు! డిస్పెన్సరీలో రిఫరల్ రాయించుకుంటే సనత్‌నగర్ ఆసుపత్రికి వెళ్లవచ్చు.

జవాబు 2:
పైవారి మాటకు ఒక చేర్పు. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా విస్తరించారు; ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఈ పథకంలో పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేదు, ఈఎస్‌ఐ ఉన్నా అర్హత పోదు. ఆధార్‌తో వయ వందన కార్డు తీసుకుని, మీరు అనుకుంటున్న ఆసుపత్రి ఈ పథకం జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి చేరకముందే కనుక్కోండి.

జవాబు 3:
తెలంగాణ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆ పథకం కోసం, అర్హత ఉంటే రేషన్ కార్డుకు కూడా దరఖాస్తు పెట్టండి, కానీ దానికోసం స్టెంటును మాత్రం ఆపకండి.