సోల్వే తీరంలో బాతుల వేట: దారి, పోటు, అక్కడి వాళ్ల పద్ధతులు. వెళ్లినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో ఉంటున్నాను, మా సొంతూరు తాళ్లరేవు దగ్గర. మా పక్కింటి పెద్దాయన చలికాలమంతా సోల్వే అనే సముద్రపు పాయ తీరంలో అడవి బాతుల వేటకి వెళ్తాడు. ఈసారి నన్ను కూడా రమ్మన్నాడు. మన దగ్గర పిట్టని కొడితే కేసు అవుతుందని వింటూ పెరిగాను, అందుకే సంకోచంగా ఉంది. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుందని ఆయన అంటున్నాడు. నాకు తుపాకీ లైసెన్స్ లేదు. ఎవరి అనుమతి కావాలి? ఆ బురదలో ప్రమాదం ఎంత? అక్కడి వాళ్లకి ఇబ్బంది కలగకుండా ఎలా మసలుకోవాలి?

డంఫ్రీస్‌వాసి:
మంచి పని చేశారు, ముందే అడిగారు. సోల్వేకి ఒక గట్టు ఇంగ్లండ్, రెండో గట్టు స్కాట్లాండ్. రూల్స్ ఒకటి కావు.

స్కాట్లాండ్ వైపు, ఆటుపోట్ల మధ్య ఉండే నేల మీద అడవి బాతుల్ని వేటాడే హక్కు జనానికి ఉంది. అయితే ఆ నేల దాకా వెళ్లే పొలం దారికి ఆ హక్కు వర్తించదు. పోటు గీతకి పైన ఉన్న గడ్డి నేలని ఇక్కడ ‘మెర్స్’ అంటారు. అందులో చాలా భాగం రైతులదే, అడగకుండా అడుగు పెట్టకూడదు. కేర్లావెరాక్ అభయారణ్యం సంగతి వేరు. 1957 నుంచి ఉన్న ఆ రిజర్వ్‌లో వేటకి పర్మిట్ తీసుకోవాలి, కొంత భాగంలో వేటే లేదు.

ఇంగ్లండ్ వైపు అలాంటి హక్కు లేదు. చాలాచోట్ల స్థానిక క్లబ్బులు తీరాన్ని లీజుకి తీసుకుంటాయి. సభ్యుడై ఉండాలి, లేదా సభ్యుడి వెంట అతిథిగా వెళ్లాలి. మీ పెద్దాయన ఏ గట్టుకి వెళ్తాడో ముందు కనుక్కోండి.

సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. లోపలి భూముల్లో జనవరి 31తో, పోటు గీతకి దిగువన ఫిబ్రవరి 20తో ముగుస్తుంది. స్కాట్లాండ్‌లో ఆదివారాలు, క్రిస్మస్ రోజు అడవి బాతుల వేట నిషిద్ధం. సీసం గుళ్లు వాడకూడదు, ఇంగ్లండ్‌లో 1999 నుంచి, స్కాట్లాండ్ తడి నేలల్లో 2005 నుంచి. ఇప్పుడు స్టీల్ గుళ్లు గానీ, బిస్మత్ అనే లోహపు గుళ్లు గానీ వాడుతున్నారు. షాట్‌గన్ సర్టిఫికెట్ ఇచ్చేది పోలీసులు. అది చేతికి వచ్చేదాకా తుపాకీ మాట ఎత్తకండి. నా సలహా అడిగితే, మొదటి చలికాలం ఖాళీ చేతులతో వెళ్లండి. కుక్కని పట్టుకోండి, బైనాక్యులర్స్ మెడలో వేసుకోండి, ఆయన ఎక్కడ కాలు పెడుతున్నాడో చూడండి.

బురదకాలువ:
ఖాళీ చేతులతో అన్న మాటకి నా ఓటు కూడా. నాకు జరిగింది చెప్తాను.

నాలుగేళ్ల క్రితం ఒక మిత్రుడితో వెళ్లాను. తెల్లవారకముందే ఒక చిన్న కాలువ దాటి అవతల గట్టున కూర్చున్నాం. అప్పుడు అందులో నీళ్లు లేవు, బూటు మడమ మాత్రమే తడిసింది. బాతులు వచ్చి వెళ్లిపోయాయి, ఎండ బాగుంది, ఫ్లాస్కులో టీ ఉంది. కబుర్లలో పడ్డాం. ఎదురుగా ఇసుక మైళ్ల దూరం పొడిగా కనిపిస్తోంది, సముద్రం జాడే లేదు. లేచి వెనక్కి తిరిగేసరికి మేం దాటి వచ్చిన కాలువలో నీళ్లు తొడల దాకా ఉన్నాయి, ఒరవడి కూడా ఉంది. దాటగలిగాం. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకోను.

నీళ్లు ఎదురుగా రావండీ, ముందు కాలువల్లోకి దూరి మన వెనక్కి చేరతాయి. సోల్వేలో పెద్ద పోట్ల రోజుల్లో నీటి మట్టంలో తేడా 8 మీటర్లకు పైగా ఉంటుంది. ఆ రోజుల్లో పోటు నిండేది సుమారుగా మధ్యాహ్నం పూట, మళ్లీ అర్ధరాత్రి. అంటే తెల్లవారుజామున అంతా పొడి నేల, మనకి భయమే వేయదు. ఉదయం తొమ్మిది, పది మధ్య నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. వేట అయిపోయింది, కాసేపు కూర్చుందాం అనుకునే వేళ కూడా సరిగ్గా అదే.

టైడ్ టేబుల్ చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొన్ని పట్టికలు జీఎంటీలో, అంటే ఇక్కడి చలికాలపు సమయంలో ఉంటాయి, సెప్టెంబరులో, అక్టోబరు చివర్లో గడియారాలు వెనక్కి జరిపేదాకా గంట కలుపుకోవాలి. నైరుతి గాలి గట్టిగా వీస్తున్నా, వాయుపీడనం పడిపోయినా పట్టికలో ఉన్నదాని కంటే నీళ్లు ఎక్కువ వస్తాయి, ముందే వస్తాయి.

పొగమంచు దిగితే గట్టు ఎటుందో తెలియదు. దిక్సూచి పట్టుకెళ్లి, బయల్దేరేటప్పుడే తిరుగు దిశ రాసుకోండి. ఫోన్‌లో చార్జింగ్ చలికి త్వరగా దిగిపోతుంది, దాన్నే నమ్ముకోవద్దు. పొడుగాటి కర్రతో ముందు నేలని పొడిచి చూసుకుని నడవాలి. కాలు దిగబడితే గింజుకోకుండా వెనక్కి వాలి బరువు పరుచుకోండి, ఒక్కో కాలు మెల్లగా లాగండి. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

కోరంగితీరం:
నేను కాకినాడ నుంచి. మా వైపు పోటు రెండు మీటర్లు కూడా దాటదు, అక్కడి లెక్క వింటే ఒళ్లు జలదరించింది. కానీ చంద్రుడు ఒకడే కదా. మా జాలర్లు తిథి చూసి పోటు చెప్తారు. పౌర్ణమి, అమావాస్య నాడు కాదు, తర్వాత విదియ, తదియలకి నీళ్లు బాగా ఎక్కుతాయి. అష్టమి దాటాక రెండు రోజులు పోటు నీరసంగా ఉంటుంది. తాళ్లరేవు మనిషికి ఇది కొత్త కాదు, మీ అమ్మమ్మగారి పంచాంగం సోల్వేలో కూడా పనికొస్తుంది తమ్ముడూ. గంటలు మాత్రం అక్కడి పట్టికలోనే చూసుకో.

ఒక మనవి. అక్కడ చూసింది ఇక్కడికొచ్చి ప్రయత్నించొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కోరంగి అయితే అభయారణ్యమే. కొల్లేరులో, పులికాట్‌లో దొంగచాటుగా పిట్టల్ని పట్టేవాళ్ల వల్ల వలస పక్షులకి ఎంత నష్టమో కళ్లారా చూశాను.

డంఫ్రీస్‌వాసి:
బురదకాలువ గారి మాటకి ఒకటి కలుపుతాను. అష్టమి తర్వాతి చిన్న పోట్లలో, నీళ్లు నిండే వేళ తెల్లవారుజాముకీ సాయంత్రానికీ దగ్గరగా జరుగుతుంది. చీకట్లో వెళ్తే నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో తెలియదు. చిన్న పోటే కదా అని పట్టిక చూడకుండా వెళ్లొద్దు.

పక్షులగుంపు:
నేను వేటాడను, చూడటానికే వెళ్తాను. మీరు వెళ్లడం తప్పని అనను, కానీ ఏ పక్షో తేలనిదే మీ వెంట ఉన్నవాళ్లు ట్రిగ్గర్ నొక్కకూడదు. సోల్వేలో బార్నకిల్ గూస్ అనే పెద్ద బాతులు వేలల్లో ఉంటాయి. ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ నుంచి వస్తాయి, వాటిని కొట్టకూడదు. 1940ల్లో కొన్ని వందలకి పడిపోయిన గుంపు కాపాడితే మళ్లీ పెరిగింది. 2021-22 చలికాలంలో బర్డ్ ఫ్లూ వచ్చి వేల పక్షులు చచ్చిపోయాయి. ఆ ఒడ్డున నడిచినప్పుడు ఏడుపొచ్చింది. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోకండి, కుక్కని కూడా దగ్గరికి పోనివ్వకండి.

వేటాడదగిన పింక్‌ఫుట్ గూస్ ఐస్‌లాండ్ నుంచి, గ్రీన్‌లాండ్ నుంచి వస్తుంది. మసక వెలుతురులో రంగు తెలియదు, గొంతు గుర్తుపట్టాలి. బార్నకిల్ గుంపు వస్తుంటే కుక్కపిల్లలన్నీ కలిసి మొరిగినట్టు ఉంటుంది.

మెర్స్‌బాట:
పద్ధతుల గురించి ఎవరూ చెప్పలేదు. మనం పరాయి ఊరి నుంచి వెళ్లినవాళ్లం, అందరి కళ్లూ మన మీదే ఉంటాయి, అందుకే ఇది ముఖ్యం.

కారు గేటుకి అడ్డం పెట్టొద్దు, తెల్లారి ఐదింటికి కూడా ట్రాక్టర్ వస్తుంది. తలుపులు దడేల్‌మనిపించొద్దు. మీకంటే ముందు ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలా దూరంగా పోయి కూర్చోవాలి. వాళ్ల వైపు పక్షులు వస్తున్నప్పుడు మధ్యలో లేచి నడవకూడదు, కుక్కని వదలకూడదు. నలభై గజాలు దాటి ఎగిరేదాన్ని కొట్టొద్దు. గాయపడి పోతుంది, గుంపు మొత్తం బెదిరి ఆ ఉదయానికి ఇంకెవరికీ రాదు. ఇక్కడి పాతవాళ్లకి అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. పడిన పక్షి దొరికేదాకా వెతకాలి. ఖాళీ తూటాలు మీవి కాకపోయినా ఏరుకోండి. గూస్ మాంసం అమ్మడం చట్టరీత్యా నేరం. వండుకోండి, లేదా రైతుకి ఒకటి ఇవ్వండి.

స్కాట్లాండ్ వైపు ఆనన్ ఊరి దగ్గర నడుం లోతు నీళ్లలో పెద్ద చట్రం వల పట్టుకుని నిలబడే జాలర్లు కనిపించవచ్చు. హాఫ్ నెట్టింగ్ అంటారు, వైకింగ్‌ల కాలం నుంచి వస్తున్నదని చెప్తారు. కనిపిస్తే పలకరించండి. ఆ నీళ్లలోనే నిలబడేవాళ్లు, ఏ కాలువ ఈ ఏడాది దారి మార్చిందో వాళ్లకే తెలుసు.

గోదారిగట్టు:
అందరికీ చేతులెత్తి నమస్కారం. మొన్న శనివారం వెళ్లొచ్చాను, తుపాకీ లేకుండా. పెద్దాయన ముందురోజే రైతుకి ఫోన్ చేసి నా గురించి చెప్పాడట. చీకట్లో ఆయన అడుగుల్లో అడుగు వేస్తూ నడిచాను. రెండు టీల్ బాతులు పడ్డాయి, ఒకటి నాకిచ్చాడు, మిరియాలు వేసి ఇగురు పెట్టాం.

పౌర్ణమి వెళ్లిన మూడో రోజు అది. ఎనిమిదిన్నరకే ఆయన లేచాడు. ఎదురుగా మైళ్ల దూరం ఇసుకే, పైగా పింక్‌ఫుట్ గుంపు ఒకటి మా వైపే వస్తోంది. ఇంకో పావుగంట ఉందామా అని నోటిదాకా వచ్చింది, మీ పోస్టు గుర్తొచ్చి ఊరుకున్నాను బురదకాలువ గారూ. గట్టెక్కి టీ తాగుతూ చూస్తుంటే, మేం దాటి వచ్చిన కాలువలోకి సన్నగా నురగ పాకుతూ వచ్చింది. టీ అయ్యేలోపు కాలువ నిండింది.