క్యోటో ఇజకాయాలో మేము అడగని గిన్నెకు డబ్బు ఎందుకు తీసుకున్నారు?

ప్రశ్న: బాటసారి

గత నవంబరులో నేనూ నా భార్యా పది రోజులు జపాన్‌లో తిరిగి వచ్చాం. క్యోటోలో ఒక సాయంత్రం, తకాసె కాలువ వెంట సాగే కియామచి వీధి నుంచి చీలిన ఒక సందులో, గుమ్మానికి ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతున్న చిన్న ఇజకాయాలోకి, అంటే మద్యంతో పాటు చిన్న చిన్న వంటకాలు వడ్డించే దుకాణంలోకి, వెళ్లాం. పొడుగాటి బల్ల ముందు తొమ్మిది కుర్చీలే ఉన్నాయి. బల్లకు అవతల ఒక్క మనిషే కాలుస్తూ, వండుతూ, గ్లాసులు నింపుతూ కనిపించాడు. మేము వేడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటుండగానే, ఇంకా ఏమీ చెప్పకముందే, అరచేతిలో ఇమిడేంత గిన్నెలు రెండు మా ముందు పెట్టాడు. నల్లటి సముద్రపు నాచు, సన్నగా తరిగిన క్యారెట్, వేయించిన టోఫు ముక్కలు అందులో ఉన్నాయి. మర్యాదకు ఇచ్చారనుకున్నాం. నా భార్య పూర్తి శాకాహారి. మాంసం గానీ చేప గానీ కనిపించలేదు కనుక ఆమె కూడా తిన్నది.

బిల్లు వచ్చాక చూస్తే ఆ గిన్నెలకు ఒక్కొక్కదానికి 440 యెన్ల చొప్పున 880 యెన్లు వేశారు. అది పెద్ద మొత్తమేమీ కాదు గానీ, అడగని పదార్థానికి డబ్బు కట్టించుకోవడం నాకు మింగుడుపడలేదు. అంతేకాక, మా తర్వాత వచ్చిన ఒక జంటకు, రెండు కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నా, ఆయన చేతులు ఇంటూ గుర్తులా అడ్డుపెట్టి చూపి పంపేశాడు. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి టోక్యోకు. ఆ గిన్నె వద్దనవచ్చా? శాకాహారి ఇలాంటి చోట నిశ్చింతగా ఏం తినవచ్చు? రెండు పానీయాలతో మేము రెండున్నర గంటలు కూర్చున్నాం, అదేమైనా తప్పా?

జవాబు: యోదోగావా ఒడ్డు

నేను ఒసాకాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మిమ్మల్ని ఎవరూ మోసగించలేదని ముందుగా చెబుతాను. ఆ గిన్నెను టోక్యో వైపు ఒతోషి అంటారు, క్యోటో, ఒసాకా వైపు త్సుకిదాషి అంటారు. సాధారణంగా మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా ఉంటుంది. మీ లెక్కనే చూడండి: 400 యెన్లు, దానిపై భోజనశాలల్లో వేసే 10 శాతం వినియోగ పన్ను కలిపితే సరిగ్గా 440.

మన ఊళ్లలో బారులో కూర్చుంటే ఉడికించిన శనగలో, కీరా ముక్కలో స్టఫ్ పేరుతో ఉచితంగా వస్తాయి కనుక, ఆ అలవాటుతో వెళ్లినవారికి ఇది దబాయింపులా తోచడం సహజమే. కానీ ఒతోషిని కుర్చీకి కట్టే అద్దెగా, మొదటి గ్లాసు వచ్చేలోగా నంజుకునే పదార్థంగా కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. తొమ్మిది కుర్చీల దుకాణంలో ఒక్క కుర్చీలో మనిషి గంటసేపు ఒకే బీరుతో కూర్చుంటే ఆ రాత్రి రాబడిలో అతని వాటా ఏమీ ఉండదు. పైగా అక్కడ టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బల్ల మీద నాణేలు వదిలి వస్తే, మీరు మరిచిపోయారనుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చి చేతిలో పెడతారు.

వద్దనవచ్చా అంటే, కొన్ని పెద్ద గొలుసు దుకాణాల్లో కూర్చోగానే చెబితే మానేస్తారు. ఒక్కరే నడిపే చిన్న చోట అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నేనైతే ఆ గిన్నెను బట్టే ఆ వంటవాడిని అంచనా వేస్తాను. నాచు మెత్తబడినా క్యారెట్ ఇంకా కొంచెం కరకరలాడుతూ ఉంటే ఆ రాత్రి అక్కడే భోంచేస్తాను. ఫ్యాక్టరీ ప్యాకెట్టులోంచి తీసిన బంగాళాదుంప సలాడ్ పెడితే ఒక్క గ్లాసుతో లేస్తాను.

ఇక ఆ జంట సంగతి. ఖాళీ కుర్చీలు ముందే ఎవరికైనా మాట ఇచ్చినవై ఉండవచ్చు, లేదా ఒక్క చేతి మీద అంతకుమించి వండలేనని ఆయన అనుకుని ఉండవచ్చు. చేతులు రెండూ అడ్డుపెడితే కుదరదని అర్థం. రెండు చూపుడువేళ్లను మాత్రమే చిన్నగా ఇంటూలా కలిపి చూపితే బిల్లు తెమ్మని అర్థం. ఈ తేడా తెలియక నా స్నేహితుడొకడు ఇంకో బీరు వద్దని చెప్పబోయి వేళ్లు కలిపి చూపాడు, వెంటనే బిల్లు చేతికొచ్చింది.

రెండున్నర గంటలు కొంచెం ఎక్కువే. చాలాచోట్ల రెండు గంటలని ముందే చెబుతారు. చెప్పకపోయినా, గుమ్మం తెర పక్కకు తొలగించి ఎవరైనా లోపలికి తొంగి చూస్తున్నారంటే లేవవలసిన వేళైందని అర్థం చేసుకోవాలి. మద్యం తాగనివారు ఊలాంగ్ టీ చెప్పవచ్చు, దానికి ఎవరూ మొహం చిట్లించరు. మనిషికి ఒక పానీయమైనా చెప్పాలన్నదే అక్కడి లెక్క.

జవాబు: పచ్చిమిరప

నేను టోక్యోలో నాలుగేళ్లు చదువుకున్న శాకాహారిని. బాటసారి గారూ, ఈ మాట చెప్పడానికి సంకోచంగానే ఉంది గానీ, మీ శ్రీమతి గారు తిన్న ఆ నాచు హిజికి అయి ఉంటుంది. దానిని సాధారణంగా దాషి అనే రసంలో ఉడికిస్తారు. దాషిని సముద్రపు కొంబు ఆకుతోనూ, ఎండబెట్టి పొగపెట్టిన బొనీటో చేప తురుముతోనూ కాస్తారు. మన వంటలో పోపు ఎంత సహజమో వాళ్ల వంటలో దాషి అంత సహజం. అందువల్ల, మాంసం వద్దని చెప్పినప్పుడు దాషి సంగతి వంటవాడికి తట్టనే తట్టదు.

శాకాహారినని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. మాంసం, చేప, దాషి మూడూ పనికిరావని విడివిడిగా చెప్పండి: నికు మో, సకానా మో, దాషి మో దమె దేసు. నేను నిశ్చింతగా తిన్నవి ఇవి: ఉప్పు చల్లిన ఎదమామె, అంటే లేత సోయా చిక్కుడు కాయలు, చల్లని టమాటా ముక్కలు, ఉప్పుతో కాల్చిన షిషితో మిరపకాయలు, గింకో గింజలు. మిరపకాయలు చెప్పేటప్పుడు షియో, అంటే ఉప్పుతో, అని గట్టిగా చెప్పాలి, లేకపోతే కోడిమాంసపు చువ్వలు ముంచే తీపి సాస్ పూసి ఇస్తారు. కాల్చే కుంపటి కూడా అన్నింటికీ ఒకటే కనుక, అది మీకు పట్టింపైతే కాల్చినవేవీ చెప్పకండి. చల్లని టోఫు మంచిదే, కానీ దాని మీద చేప తురుము చల్లి తెస్తారు. వేడికి ఆ పలుచని రేకులు కదులుతాయని అందరికీ తెలుసు. చల్లని టోఫు మీద అవి కదలకుండా చెక్కపొట్టులా పడి ఉంటాయి కనుక నేను మొదటిసారి పోల్చుకోలేకపోయాను.

జవాబు: చివరి రైలు

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. ఆచారమే కావచ్చు, కానీ విదేశీయులు ఎక్కువగా వచ్చే వీధిలో ఆ రుసుము సంగతి బయట ఒక చీటీ మీద రాసి పెట్టడం దుకాణదారుడి బాధ్యత. ఇప్పుడు చాలామంది రాస్తున్నారు కూడా.

అసలు మోసం వేరే ఉంది. టోక్యోలోని కబుకిచో ప్రాంతంలో రోడ్డు మీద నిలబడి, తక్కువ ధరకు ఎంతైనా తాగవచ్చంటూ పిలిచేవారి వెంట వెళ్లకండి. అలా వెళ్లినవారికి లోపల వేలకు వేల యెన్ల బిల్లు వేయడాన్ని బొత్తకురి అంటారు. వారిని నమ్మవద్దని అక్కడి వీధుల్లో లౌడ్‌స్పీకర్లలోనే హెచ్చరిస్తూ ఉంటారు. దాని పక్కన 440 యెన్ల గిన్నె ఏ మూలకు?

పిల్లలతో వెళ్తున్నారేమో మీరు రాయలేదు. 2020 ఏప్రిల్ నుంచి భోజనశాలల లోపల పొగతాగడాన్ని చట్టం చాలావరకు ఆపినా, అప్పటికే నడుస్తున్న చిన్న దుకాణాలకు మినహాయింపు ఉంది. అలా పొగకు అనుమతి ఉన్న చోటికి ఇరవై ఏళ్లు నిండనివారిని రానివ్వరు, గుమ్మం దగ్గర ఉండే గుర్తు చూసుకోండి.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలు రావడం లేదు. దాషి సంగతి నా భార్యకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ రుచి ఎక్కడిదా అని తనకు అప్పుడే అనుమానం వచ్చిందని చెప్పింది. పచ్చిమిరప గారు చెప్పిన వాక్యాన్ని జపాన్ లిపిలో చీటీ మీద రాయించుకుని తీసుకువెళ్తే సరిపోతుందా?

పచ్చిమిరప

సరిపోతుంది. నాలుగైదు కాపీలు తీసుకువెళ్లండి. వంటవాడు తడి చేత్తో అందుకుని పొయ్యి పక్కన అంటించుకుంటాడు, అది మళ్లీ మీ చేతికి రాదు.