అభ్యర్థుల సొంత వెబ్‌సైట్లను అఫిడవిట్లతో పోల్చడంలో సహాయం కావాలి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో రాజనీతిశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. 2023 నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో నగర అభ్యర్థులు తమ వెబ్‌సైట్లలో తమను తాము ఎలా పరిచయం చేసుకున్నారన్నది నా ప్రాజెక్టు అంశం.

ఒక సైటు తెరవగానే తెల్లచొక్కా, కండువా, జోడించిన చేతులు, వెనుక పార్టీ అధినేత నిలువెత్తు బొమ్మ కనిపించాయి; ‘నా గురించి’ పేజీలో పుట్టిన ఊరు మొదలుకొని రక్తదాన శిబిరాల దాకా అన్నీ ఉన్నాయి గానీ, అదే వ్యక్తి నామినేషన్‌తో పాటు ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్‌లో ప్రమాణం చేసి రాసిన కేసులు, ఆస్తులు, అప్పుల ఊసే లేదు. ఓటరు ముందుగా చూసేది ఆ సైటునే కాబట్టి, ఈ మౌనం నన్ను నిజంగా కలవరపెడుతోంది.

పెండింగ్ క్రిమినల్ కేసులున్న అభ్యర్థుల వివరాలను పార్టీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని 2018లో చెప్పిన సుప్రీంకోర్టు, వారిని ఎంపిక చేయడానికి కారణాలు కూడా తెలపాలని 2020లో ఆదేశించింది. అభ్యర్థి సొంత సైటుకు కూడా ఇటువంటి నిబంధన ఏదైనా వర్తిస్తుందా?

మరో చిక్కు ఏమిటంటే, ఎన్నికల తర్వాత చాలా సైట్లు మూతపడ్డాయి. పాత వెబ్‌పేజీల నకళ్లను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో కొన్నింటికి మొదటి పేజీ మాత్రమే, అదీ ఫొటోలు లేకుండా దొరికింది. ఆనాటి స్క్రీన్‌షాట్లు దాచుకున్నవారు, ఇటువంటి సైట్లకు తెలుగు వచనం రాసిపెట్టిన అనుభవం ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.